మోకాలి ప్యాడ్ కొనేటప్పుడు ముందు పట్టీ చూడండి, ఫోమ్ తర్వాత

ఎయిర్‌సాఫ్ట్ అంటే బొమ్మ తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చుకునే ఆట. ఆ గుళ్ళనే బీబీలంటారు. 0.20 గ్రాముల బీబీ సెకనుకి 100 మీటర్ల వేగంతో వచ్చి తగిలితే దాని శక్తి 1 జౌల్. ప్యాంటు మీద తగిలితే చురుక్కుమంటుంది, మహా అయితే ఎర్రటి చుక్క మిగులుతుంది. అదే 75 కిలోల మనిషి పరుగెత్తుకొచ్చి అడ్డుగా పెట్టిన డ్రమ్ము వెనక ఒంటి మోకాలి మీద దబ్బున దిగాడనుకోండి. ఒళ్ళు ఒక్క అడుగు కిందికి దిగినా 200 జౌల్స్ దాటుతుంది. అందులో నాలుగో వంతు మోకాలి మీద పడ్డా 50 జౌల్స్. కింద గోళీకాయంత పలుగురాయి ఉంటే ఆ బరువంతా దాని మొన మీదే. ఎయిర్‌సాఫ్ట్‌లో మోకాళ్ళకి అసలు శత్రువు నేల. పెయింట్‌బాల్ ఆడేవాళ్ళకి బంతి దెబ్బ కాస్త ఎక్కువే (3 గ్రాముల బంతి, సెకనుకి 90 మీటర్లు, దాదాపు 12 జౌల్స్), అయినా వాళ్ళ మోకాళ్ళనీ పాడుచేసేది నేలే.

ముందుగా ఒక గందరగోళం తీర్చేద్దాం. బెంగళూరులో మారతహళ్ళిలోనో, బీటీఎంలోనో మెడికల్ షాపుకెళ్ళి మోకాలికి ఏదైనా ఇమ్మంటే చేతిలో పెట్టేది 'నీ-క్యాప్', అంటే సాగే గుడ్డ తొడుగు. నొప్పి ఉన్న మోకాలిని కాస్త ఒత్తి పట్టుకోడానికి అది పనికొస్తుంది. రాయి మీద మోకాలు ఆనిస్తే దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇరువైపులా కీళ్ళున్న బ్రేసు ఇంకో వస్తువు, లిగమెంటు దెబ్బతిన్నవాళ్ళకి డాక్టరు రాసేది. మోకాలి ప్యాడ్ ఈ రెండు పనులూ చెయ్యదు. పాత ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) గాయమో, మెనిస్కస్ (కీలులో ఉండే మెత్తటి దిండు) చిరుగో ఉన్నవాళ్ళు ప్యాడ్ వేసుకున్నాం కదా అని మలుపుల్లో గిర్రున తిరిగితే మోకాలు మెలిపడక మానదు.

మీరు ఎక్కడ ఆడతారు?

కనకపుర రోడ్డు వైపో, దేవనహళ్ళి వైపో బయట ఆడేవాళ్ళకి కాళ్ళ కింద ఉండేది ఎర్రమట్టి, అందులో పలుగురాళ్ళ ముక్కలు, అక్కడక్కడా పైకి తేలిన బండ. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టి సిమెంటులా బిగుసుకుపోయి పైన సన్నటి గులకపొర మిగులుతుంది. మోకాలు ఆనించగానే జర్రున జారేది ఆ పొర మీదే. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో అంతా బురద. రాళ్ళు కనబడవు కానీ అక్కడే ఉంటాయి. నీలగిరి తోపుల్లో విరిగిన కొమ్మల మొనలు, తోపు అంచుల్లో తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. ఇలాంటి చోట గట్టి చిప్ప (ప్యాడ్ ముందువైపు ఉండే గట్టి కప్పు) ఉన్న ప్యాడ్ తప్పనిసరి. ఒట్టి ఫోమ్ తొడుగులోంచి తుమ్మ ముల్లు సూదిలా దిగిపోతుంది.

గోడౌన్‌లాంటి లోపలి మైదానాల్లో నేల చదునుగా, గట్టిగా ఉంటుంది. ముళ్ళు లేవు, రాళ్ళు లేవు. అక్కడ గట్టి ప్లాస్టిక్ చిప్పే ఇబ్బంది పెడుతుంది: సిమెంటు మీద జారుతుంది, మెట్ల మీద టకటకమంటూ మీరెక్కడున్నారో అవతలివాళ్ళకి చెప్పేస్తుంది. పైగా గుండ్రటి చిప్ప చదునైన నేల మీద ఒక చోట నిలవదు. గురి చూసేటప్పుడు మోకాలు పక్కకి దొర్లుతుంటే దాన్ని ఆపడానికి తొడ కండరం అదే పనిగా పనిచెయ్యాలి. లోపల ఆడేవాళ్ళకి రబ్బరు చిప్పో, ముందు భాగం చదునుగా ఉన్న మెత్తటి చిప్పో మేలు. అమెరికాలో తయారయ్యే ఆల్టా ప్యాడ్లు ఈ రబ్బరు చిప్పకే పేరు పడ్డాయి. ఆ నమూనాని చూసి చేసినవి ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి.

రెండు చోట్లా ఆడేవాళ్ళు ఒకటే జత కొనాలంటే రబ్బరు చిప్పే తీసుకోవాలని నా అభిప్రాయం. పలుగురాయి మీద అది ప్లాస్టిక్ అంత నిబ్బరంగా ఉండదు కానీ, వెనక ఫోమ్ మంచిదైతే సరిపోతుంది.

పట్టీ

కొత్తవాళ్ళ ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: అరగంట తిరక్కుండానే ప్యాడ్ జారి పిక్కల మీదికొచ్చింది. కారణం కాలి ఆకారంలోనే ఉంది. తొడ పైన లావుగా ఉండి మోకాలి దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. పై పట్టీని ఎంత బిగించినా, కూర్చుని లేచేకొద్దీ అది సన్నటి వైపుకే దిగుతుంది. మోకాలి కింద లెక్క వేరు. అక్కడ కాలు సన్నబడి, మళ్ళీ పిక్క దగ్గర ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మొదలయ్యే చోటికి కాస్త పైన కూర్చున్న పట్టీకి కిందికి జారే దారి ఉండదు. ప్యాడ్‌ని మోసేది కింది పట్టీ అన్నమాట. పై పట్టీ పని ప్యాడ్ ముందుకి వేలాడకుండా చూడటం వరకే. చాలామంది దీన్ని తిరగేస్తారు: పైది ఊపిరాడకుండా బిగిస్తారు, కిందిది వదులుగా వదిలేస్తారు. తొడ తిమ్మిరెక్కుతుంది, ప్యాడ్ ఎలాగూ జారుతుంది.

కింది పట్టీ బిగించడానికీ హద్దుంది. మోకాలికి బయటివైపు, కాస్త కింద ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. అది ఫిబ్యులా (కాలి బయటివైపు ఉండే సన్నటి ఎముక) తల. దాని మెడ చుట్టూ తిరిగి పాదంలోకి వెళ్ళే నరం అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. పట్టీ సరిగ్గా దాని మీద బిగుసుకుంటే పాదం పైభాగంలో చీమలు పాకినట్టుంటుంది, బొటనవేలు పైకెత్తడం కష్టమవుతుంది. పట్టీ ఆ బుడిపెకి రెండు వేళ్ళ కింద ఉండాలి. తిమ్మిరి మొదలైతే ఆట పూర్తయ్యేదాకా ఆగొద్దు, అక్కడికక్కడే వదులు చెయ్యండి.

ఎంత బిగించాలో నిలబడి తేల్చకూడదు. మోకాలు వంచితే తొడ, పిక్క రెండూ ఉబ్బుతాయి. నిలబడి ఉన్నప్పుడు హాయిగా ఉన్న పట్టీ కూర్చోగానే కోసుకుపోతుంది. కుర్చీలో కూర్చుని, మోకాలు సగం వంచి బిగించండి. కింది పట్టీలోకి ఒక వేలు, పైదాంట్లోకి రెండు వేళ్ళు దూరాలి. బిగించే ముందు మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డని ఒక అంగుళం పైకి లాక్కోండి. లేకపోతే మోకాలు వంచిన ప్రతిసారీ గుడ్డే ప్యాడ్‌ని లాక్కెళుతుంది. పట్టీలు బిగుతుగా ఉన్నా ప్యాడ్ జారుతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

పట్టీ వెడల్పు 4 సెం.మీ. కన్నా తక్కువైతే తీసుకోకండి. 2.5 సెం.మీ. పట్టీ కాసేపటికే తాడులా మెలిపడి చర్మంలోకి దిగుతుంది. రెండు పట్టీలూ మోకాటి వెనక గుంటలో ఇంటూ మార్కులా కలిసే డిజైన్లకి దూరంగా ఉండండి. ఆ గుంటలో చర్మం పల్చగా ఉంటుంది, చెమట నిలుస్తుంది, మడత పడ్డ ప్రతిసారీ రాసుకుంటుంది. ఒక పట్టీ గుంటకి పైన, ఒకటి కింద వెళ్ళేదే సుఖం. లోపలివైపు సిలికాన్ గీతలుంటే జారుడు తగ్గుతుంది, కానీ అది ఒంటి మీదో, బిగుతు ప్యాంటు మీదో పనిచేసినట్టు వదులు కార్గో ప్యాంటు మీద పనిచెయ్యదు.

వెల్క్రోలో సౌకర్యం ఉంది, చావూ ఉంది. ఎండుగడ్డి, దారప్పోగులు, పల్లేరు కాయలు దాని కొక్కేల్లో ఇరుక్కుని కొన్నాళ్ళకే పట్టు పోతుంది. ఎక్కువగా బయట ఆడేవాళ్ళు క్లిప్ బకిలో, కొక్కెమో ఉన్నది చూసుకోవాలి. పొడవు ఒకసారి సరిచేసి పెట్టుకుంటే తర్వాత తగిలించడం, తియ్యడం మాత్రమే ఉంటుంది. బూట్లు విప్పక్కర్లేదు. ఒట్టి తొడుగులా ఉండే ప్యాడ్లకి మాత్రం బూట్లు విప్పాల్సిందే. మైదానంలో బురద మధ్య నిలబడి ఆ పని చెయ్యడం అంత తేలిక కాదు.

మోకాలి ఏ భాగం నేలకి తగులుతుంది?

మోకాలి చిప్పే తగులుతుందని అందరూ అనుకుంటారు. నడుం నిటారుగా పెట్టి ఒంటి మోకాలి మీద కూర్చుంటే బరువు ఎక్కువగా పడేది చిప్ప కింది స్నాయువు మీద, దాని కింద ముందుకి పొడుచుకొచ్చినట్టుండే ఎముక మీద. ముందుకి వంగితే అప్పుడు చిప్ప ఆనుతుంది. అడ్డు పక్కనుంచి తొంగిచూసేటప్పుడు ఈ రెంటి మధ్యా ఊగుతూనే ఉంటాం. అందుకని ప్యాడ్ గట్టి భాగం చిప్పకి పైన 3, 4 సెం.మీ., కింద కనీసం 6 సెం.మీ. ఉండాలి. సరిగ్గా చిప్ప నడిమికి పెట్టుకుని నిలబడితే అందంగా కనబడుతుంది కానీ, కూర్చోగానే అడుగు అంచు ఎముకకి గుచ్చుకుంటుంది. ఒక వేలు వెడల్పు కిందికి పెట్టుకోండి.

కొలతలు మూడు తీసుకోండి: మోకాలి చిప్ప నడుమ చుట్టుకొలత, దానికి 15 సెం.మీ. పైన తొడ, 10 సెం.మీ. కింద పిక్క. నిలబడి ఒకసారి, మోకాలు వంచి ఒకసారి. వంచినప్పటి కొలతే సైజు చార్టులో చూడాల్సింది. రెండు సైజుల మధ్య పడితే పట్టీలున్న ప్యాడ్‌లో పెద్దది, తొడుగులో చిన్నది. తొడుగు వాడేకొద్దీ వదులవుతుంది మరి.

ఫోమ్, ప్రమాణాలు

షాపులో బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగే ప్యాడే అందరికీ నచ్చుతుంది. అలా తేలిగ్గా దిగిపోయే ఫోమ్ మీ బరువు పడగానే పూర్తిగా అణిగిపోతుంది, ఇక మిగిలేది నేలా, ఎముకా. నేలవైపు 8 నుంచి 10 మి.మీ. గట్టి ఈవీఏ (నీళ్ళు పీల్చని రబ్బరులాంటి ఫోమ్), ఒంటివైపు 5 మి.మీ. మెత్తటి పొర, మొత్తం 15 నుంచి 20 మి.మీ. మందం: పని జరిగేది ఈ అమరికతో. అంతకన్నా మందమైతే మోకాలు వంచడానికే అడ్డం, పరుగులో రెండు ప్యాడ్లూ ఒకదానికొకటి తగులుకుంటాయి. స్పాంజిలా గాలి గదులు తెరుచుకున్న పీయూ ఫోమ్ చెమటనీ, బురదనీళ్ళనీ పీల్చుకుని బరువెక్కుతుంది. ఈవీఏ పీల్చదు. జెల్ ఒత్తిడిని బాగా పంచుతుంది, టైల్స్ వేసేవాళ్ళకి అది వరం. పరుగెత్తే ఆటలో బరువు, వేడి, పైగా చిరిగితే కారుతుంది.

డబ్బా మీద ఈఎన్ 14404 అని ఉంటే అది మోకాళ్ళ మీద కూర్చుని పనిచేసేవాళ్ళ కోసం యూరప్‌లో పెట్టిన ప్రమాణం. అందులో టైప్ 1 అంటే కాలికి పట్టీలతో కట్టుకునేది, టైప్ 2 అంటే ప్యాంటు జేబులో పెట్టుకునేది. మనకి ముఖ్యం పక్కనున్న లెవెల్. లెవెల్ 0 చదును నేలకే, మొనలు గుచ్చుకోకుండా ఆపే హామీ లేదు. లెవెల్ 1 కనీసం 100 న్యూటన్ల పోటుని, అంటే సుమారు 10 కిలోల బరువుని ఆపాలి. లెవెల్ 2 అయితే 250 న్యూటన్లు, సుమారు 25 కిలోలు. గోడౌన్‌కి లెవెల్ 1 చాలు, పలుగురాళ్ళ నేలకి లెవెల్ 2.

ఈఎన్ 1621-1 అని ఉంటే అది బైకు నడిపేవాళ్ళ ప్రమాణం. 50 జౌల్స్ దెబ్బ వేసి అవతలికి ఎంత బలం దాటిందో కొలుస్తారు: లెవెల్ 1లో సగటున 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2లో 20 కిలోన్యూటన్లు మించకూడదు. అంకె తగ్గేకొద్దీ ప్యాడ్ మంచిదన్నమాట. దబ్బున పడే దెబ్బకి ఈ లెక్క పనికొస్తుంది కానీ, రాయి మీద రెండు నిమిషాలు కూర్చుంటే ఎలా ఉంటుందో ఇది చెప్పదు. డీ3ఓలాంటి పదార్థాల కథా ఇదే. దెబ్బ వేగంగా పడితే బిగుసుకుంటాయి, నెమ్మదిగా నొక్కితే మెత్తగా ఉంటాయి. పడిపోయినప్పుడు కాపాడేది ఆ గుణమే. కదలకుండా కూర్చున్నప్పుడు మాత్రం పలుచటి డీ3ఓ ప్యాడ్‌లోంచి రాయి తెలుస్తూనే ఉంటుంది.

వేరే ఆటల ప్యాడ్లు

డెకాథ్లాన్‌కి వెళితే వాలీబాల్ తొడుగులు, స్కేటింగ్ ప్యాడ్లు కనబడతాయి. వాలీబాల్ తొడుగు లోపలి మైదానానికి, ప్యాంటు కింద వేసుకోడానికి బాగుంటుంది, బయట వద్దు. స్కేటింగ్ ప్యాడ్ చిప్ప జారడానికే చేసింది, ఆ సంగతి గుర్తుంచుకుని కంకర మీద వాడుకోవచ్చు. కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్ళ మెత్తటి ప్యాడ్లు పరుగుకి అన్నిటికన్నా హాయి, ముళ్ళకి మాత్రం ఆగవు. ముణుకు నుంచి చీలమండ దాకా వచ్చే బైకు గార్డులు ఇంట్లో ఉన్నాయి కదా అని వేసుకునేవాళ్ళున్నారు. అవి బైకు మీద కూర్చునే భంగిమకి వంపు తిరిగి ఉంటాయి. మోకాలు నేలకి ఆనిస్తే అంచు తొడలోకి పొడుస్తుంది. ఎస్పీ రోడ్డులో పనిముట్ల షాపుల్లో దొరికే టైల్స్ పనివాళ్ళ ప్యాడ్లు మోకాళ్ళ మీద కూర్చోడానికి భేష్, పరుగెత్తడానికి దండగ. స్నైపర్‌లా ఒక చోటే కాపు కాసేవాళ్ళకి మాత్రం అవే చవక బేరం.

జేబులో ప్యాడ్ ఉన్న ప్యాంటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అమెరికా కంపెనీ క్రై ప్రెసిషన్ చేసే కంబాట్ ప్యాంటు నమూనాలో వచ్చే వీటికి పట్టీల గొడవ తక్కువ. చిక్కంతా పొడవుతోనే. పొడవైన కాళ్ళ కొలతకి కుట్టిన ప్యాంటుని ఐదడుగుల ఆరంగుళాల మనిషి వేసుకుంటే ప్యాడ్ ముణుకు కిందికి దిగిపోతుంది. ఆల్టరేషన్ షాపులో అడుగున అంచు కత్తిరించి కుట్టిస్తే ప్యాంటు పొట్టిదవుతుంది కానీ, ప్యాడ్ ఉన్నచోటే ఉంటుంది. కొనేటప్పుడే 'షార్ట్' పొడవు ఎంచుకోవాలి, లేదా ప్యాడ్‌ని జేబులో పైకీ కిందికీ జరుపుకునే వెల్క్రో ఉన్నది చూడాలి. మోకాలి వెనక సాగే గుడ్డ లేని ప్యాంటులో ప్యాడ్ ఎక్కడా నిలవదు.

షాపులో ఇలా చూడండి

ఆడేటప్పుడు వేసుకునే ప్యాంటే వేసుకుని వెళ్ళండి. ప్యాడ్ కట్టుకుని, దాని పై అంచు ఎక్కడుందో ప్యాంటు మీద సుద్దతో గీత పెట్టుకోండి. 20 గుంజీలు, ఒంటి మోకాలి మీద అటు ఐదు, ఇటు ఐదు, గొంతుక్కూర్చుని పది అడుగుల నడక, మెట్లుంటే ఒక అంతస్తు. ప్యాడ్ గీతకి 2 సెం.మీ. దాటి దిగితే, పట్టీ ఒకసారి సరిచేసి మళ్ళీ చూడండి. అప్పుడూ దిగితే వదిలెయ్యండి. తర్వాత జేబులోంచి ఒక ఇనప నట్టో, చిన్న కంకరరాయో తీసి నేల మీద పెట్టి, సరిగ్గా దాని మీద మోకాలు ఆనించి రెండు నిమిషాలు కూర్చోండి. షాపువాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. రాయి ఎక్కడుందో వేలితో చూపించగలిగేంతగా తెలుస్తుంటే ఫోమ్ చాలదు.

చిప్పని ఫోమ్‌కి ఎలా పట్టించారో కూడా చూడండి. రివెట్లతో బిగించినదైతే లోపలివైపు చెయ్యి పెట్టి తడమండి. రివెట్ తల చేతికి తగిలితే మోకాలికీ తగులుతుంది. ఒట్టి జిగురుతో అంటించినది ఎండలో విడిపోతుంది. చుట్టూ కుట్టు వేసినది ఎక్కువ కాలం వస్తుంది, ఆ కుట్టు చిప్ప ముందు భాగంలో నేలకి రాసుకోకుండా పక్కకి ఉంటే.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవన్నీ ఇంట్లో చెయ్యండి, కానీ కంకరరాయి పరీక్షకి కింద గుడ్డ వేసుకోండి. చిప్ప మీద గీతలు పడితే వాపసు తీసుకోరు.

వాడకం, మరమ్మతు

కుడిచేత్తో గురిపెట్టేవాళ్ళు సాధారణంగా ఎడమ పాదం ముందు పెట్టి కుడి మోకాలు ఆనిస్తారు. అందుకే కుడి ప్యాడ్ ముందు అరుగుతుంది. కుడి, ఎడమ తేడా లేకుండా చేసిన జతైతే కొన్ని ఆటలకోసారి మార్చి కట్టుకోండి.

ఆట అవగానే పట్టీల్లో మట్టి దులిపి, వెల్క్రోని మూసి పెట్టండి. సబ్బు కలిపిన చన్నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నీడలో ఆరేస్తే చాలు. వాషింగ్ మెషీన్ డ్రయ్యర్‌లో వెయ్యకండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే ఈవీఏ ముడుచుకుపోతుంది, జిగురు వదిలేస్తుంది.

వెల్క్రో పోతే ప్యాడ్ పారెయ్యక్కర్లేదు. 5 సెం.మీ. వెడల్పు వెల్క్రో మీటరు కొని, చెప్పులు కుట్టే ఆయన దగ్గర రెండు వరసల కుట్టు వేయించుకోవచ్చు. ఫోమ్ అణిగితే ఒంటివైపు 5 మి.మీ. ఈవీఏ షీటు అదే ఆకారంలో కత్తిరించి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998తో అంటించండి. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటని స్థితికి ఆరేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే అంచులు లేచిపోతాయి. చిప్ప పగిలితే మాత్రం జిగుర్లు, టేపులు వద్దు. పగులు అంచు లోపలికి తిరిగి కోస్తుంది.

ఎలాస్టిక్ లాగి వదిలితే వెంటనే ముడుచుకోకపోయినా, గట్టి ఈవీఏని నొక్కిన గుంట నిమిషం తర్వాత కూడా అలాగే ఉన్నా ఆ జత పని అయిపోయినట్టే. ఇంకో సంగతి: ఆట తర్వాత మోకాలి చిప్ప మీద మెత్తగా, నీరు నిండినట్టు బుడిపె లేస్తే అది చిప్ప ముందుండే నీటి సంచి వాపు. ఐసు పెట్టి, వాపు తగ్గేదాకా మోకాలు నేలకి ఆనించకుండా ఉండాలి. అక్కడ ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా వస్తే చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టరుకి చూపించండి.